8×42 బైనాక్యులర్ రివ్యూ: 2 మీటర్ల దూరంలో వాలిన సీతాకోకచిలుక కోసం

ముందే చెప్పేస్తాను, వస్తువు బాగుంది, అయిదుకి నాలుగు. ఆ ఒక్కటి ఎక్కడ పోయిందో కింద రాస్తాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే ఒళ్లు, ఇవే అద్దాలు, పైన రబ్బరు రంగు మార్చి మూడు నాలుగు పేర్లతో ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, ధర కూడా వారానికో రకంగా ఉంటుంది. నాకు 12,000 రూపాయలకి కాస్త తక్కువలో వచ్చింది. పెట్టె మీద ఉండే అంకెలు చదవడం వస్తే చాలు, పేరుతో పెద్దగా పనిలేదు.

ఆ అంకెల్లో అందరూ చూసేది "ఎన్ని ఎక్స్" అని, అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని. నన్నడిగితే చూడాల్సింది ఎంత దగ్గరి వస్తువుకి ఫోకస్ అవుతుందో. స్పెసిఫికేషన్లలో ఎక్కడో చివర 'క్లోజ్ ఫోకస్' అని ఉంటుంది, కొన్నిటికి 5 మీటర్లు, కొన్నిటికి 3, దీనికి 2. వసంతంలో ఊళ్ల వైపు, గుట్టల వైపు నడిచే అలవాటు ఉన్నవాళ్లకి ఆ 2 మీటర్లే అసలు సంగతి.

ఎందుకంటే మన వసంతం వేరు. నేను తిరిగేది ఎక్కువగా వికారాబాద్ చుట్టుపక్కల: అనంతగిరి గుట్టలు, కింద ఊళ్ల చేలు, కోట్‌పల్లి ప్రాజెక్టు అంచులు. శివరాత్రి వెళ్లేసరికి ఇక్కడి అడవి సగం బోడి అయిపోతుంది, కింద నడిస్తే ఎండాకులు కరకరమంటాయి, పైన ఒక్క ఆకు లేని మోదుగ చెట్టు నిండా పూలు. కొత్తగా వచ్చేవాళ్లు "ఏముంది ఇక్కడ, అంతా ఎండిపోయింది కదా" అంటారు. పక్షుల్ని చూడటానికి ఇంతకు మించిన కాలం లేదు, దాక్కోవడానికి చెట్టుకి ఆకే లేదు మరి! వానాకాలంలో గంటసేపు గొంతు వినబడి ఒక్క ఈక కూడా కనబడని పిట్టలు ఇప్పుడు బోడి కొమ్మ మీద ఎండ కాచుకుంటూ కూర్చుంటాయి. పైగా పూసిన చెట్లు తక్కువ కాబట్టి తేనె కావాల్సినవన్నీ అక్కడికే వస్తాయి. ఒక మోదుగ, ఒక బూరుగ, ఒక పూతకొచ్చిన మామిడి దొరికితే ఉదయమంతా అక్కడే గడిచిపోతుంది.

కాబట్టి ఈ సీజన్‌లో పక్షులు 15, 20 మీటర్లలో దొరుకుతాయి, అంతంత దూరం లాగాల్సిన పని లేదు. సీతాకోకచిలుకలు వాగు ఎండిపోతూ మిగిల్చిన తడి మట్టి మీద 2, 3 మీటర్లలో వాలుతాయి. మాత్‌లు, అంటే రాత్రిపూట దీపాల దగ్గరికి వచ్చే చిమ్మటలు, గెస్ట్‌హౌస్ ట్యూబ్‌లైటు పక్కన గోడ మీద, చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఈ మూడిటికీ ఒకే వస్తువు మెడలో వేసుకుని వెళ్లాలంటే దగ్గరికి కూడా చూడగలిగేదే కావాలి.

ఇక లెక్క. 8×42లో 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపించడం, 42 అంటే ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. 80 మీటర్ల దూరంలో ఉన్న పిట్ట 10 మీటర్లలో ఉన్నట్టు కనబడుతుంది. అదే లెక్క దగ్గరికి వేయండి: 2 మీటర్లలో వాలిన సీతాకోకచిలుక 25 సెంటీమీటర్లలో ఉన్నట్టు, అంటే మనం పుస్తకం పట్టుకుని చదివేంత దగ్గరగా. మనం వంగి అంత దగ్గరికి మొహం పెడితే అది ఆగుతుందా? నీడ పడగానే లేచిపోతుంది. 42ని 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు కంటికి చేరే వెలుతురు చుక్క సైజు, పొద్దున్నే మసక వెలుతురులో కూడా బొమ్మ నల్లబడకుండా ఉండేది దానివల్లే.

10 రెట్లది తీసుకోవచ్చు కదా అని అడుగుతారు. తీసుకోవచ్చు, కానీ ఎంత పెద్దగా చూపిస్తుందో మన చేతి వణుకుని కూడా అంత పెద్దగా చూపిస్తుంది, కనబడే మేర కూడా తగ్గుతుంది, ఎగిరే దాన్ని అందులో పట్టుకోవడం కష్టం. గుట్ట ఎక్కి ఆయాసపడుతూ చూసేవాళ్లకి 8 చాలు. ఇంక ఆన్‌లైన్‌లో రెండు వేలకి "20 నుంచి 180 ఎక్స్ జూమ్" అని, ఎర్రగా మెరిసే అద్దాలతో అమ్ముతారు చూడండి, వాటి జోలికి వెళ్లొద్దు. ఆ ఎర్ర కోటింగ్ రంగుల్నే పాడుచేస్తుంది, గులాబి గోరింక తెల్లపిట్టలా కనబడుతుంది.

గులాబి గోరింకలంటే గుర్తొచ్చింది, రోజీ స్టార్లింగ్ అంటారే, అవే. యూరప్, మధ్య ఆసియా గడ్డి మైదానాల వైపు నుంచి చలికాలానికి మన దగ్గరికి వచ్చి, ఏప్రిల్ కల్లా తిరుగు ప్రయాణం కడతాయి. వెళ్లేముందు మార్చిలో మోదుగ పూల మీద గుంపులుగా పడతాయి, అప్పటికి వాటి ఒంటి రంగు బాగా తేరి ఉంటుంది, నల్ల తల, గులాబి వీపు, చుట్టూ నారింజ పూలు. ఈ బైనాక్యులర్‌కి రంగుల విషయంలో పూర్తి మార్కులు అక్కడే ఇచ్చేశాను. మగ తేనెపిట్ట కూడా అంతే, మామూలు కంటికి నల్లగా తిరిగే చిన్న పిట్ట, ఇందులో చూస్తే ఎండ పడిన వైపు ఊదా, తల తిప్పితే ఆకుపచ్చ. కోయిల కూత వినని తెలుగువాడు ఉండడు, దాని ఎర్ర కన్ను చూసినవాళ్లు ఎంతమంది? మగది నిగనిగలాడే నలుపు, ఆడది ఒళ్లంతా చుక్కలు. ఇంట్లో వాళ్లకి చూపిస్తే ఆడకోయిలని కోయిలే కాదన్నారు.

మార్కు పోయింది ఇక్కడే. తెల్లటి ఆకాశం ముందు నల్ల పిట్ట కూర్చుంటే, ముఖ్యంగా కరెంటు తీగ మీద పసులపోలిగాడు, అదే తోక చీలిన నల్లపిట్ట, దాని అంచుల చుట్టూ ఊదారంగు గీత ఒకటి కనబడుతుంది. ఈ ధరలో వచ్చే అద్దాలన్నిటికీ ఎంతో కొంత ఉండేదే, దీనికి కాస్త ఎక్కువగా ఉంది. మధ్యలో పెట్టి చూస్తే తగ్గుతుంది, అంచులకి పోయేకొద్దీ పెరుగుతుంది. మధ్యాహ్నం ఎండలో కళ్లకి శ్రమగా అనిపిస్తుంది. ఇంకో అర మార్కు ఫోకస్ చక్రానికి కోసేద్దామనుకున్నాను గానీ మనసు రాలేదు. చక్రం ఒక చుట్టు కొంచెం దాటేసరికి 2 మీటర్ల నుంచి కొండ దాకా వచ్చేస్తుంది, సీతాకోకచిలుక మీద నుంచి ఠక్కున పిట్ట మీదకి మారడానికి అది వరమే. కానీ దూరంగా ఉన్నవాటికి వెంట్రుకవాసి తిప్పినా దాటిపోతుంది. దీనికి ఉపాయం ఏంటంటే పసిరిక పిట్టల్లాంటి వాటితో అలవాటు చేసుకోవడం. అవి తీగ మీద నుంచి లేచి తేనెటీగనో తూనీగనో పట్టుకుని చాలాసార్లు మళ్లీ అదే చోటికి వస్తాయి. ఖాళీ తీగ మీద ఫోకస్ పెట్టుకుని ఆగితే చాలు, పిట్ట దానంతటదే వచ్చి ఫ్రేములో కూర్చుంటుంది, తెచ్చుకున్న తేనెటీగని తీగకేసి కొట్టి కొండి వదిలించుకోవడం కూడా చూడొచ్చు.

ఇప్పుడు అసలు పరీక్ష. జిల్లేడు పొదల దగ్గర ఎప్పుడూ తిరిగే నారింజ రంగు సీతాకోకచిలుక ఒకటి ఉంటుంది, రెక్క కొసలు నలుపు, అందులో తెల్ల మచ్చలు, ప్లెయిన్ టైగర్. దాని పురుగు జిల్లేడు ఆకు తిని ఆ విషాన్ని ఒంట్లో నింపుకుంటుంది, అందుకే చాలా పక్షులు దాన్ని ముట్టవు, అందుకే దానికి తొందర ఉండదు, తాపీగా ఎగురుతుంది. డనాయిడ్ ఎగ్‌ఫ్లై అని ఇంకో జాతి ఉంది, దాంట్లో ఆడది అచ్చం ఈ వేషమే వేసుకుని, విషం లేకుండానే ఆ భయాన్ని వాడుకుని బతికేస్తుంది. మగది చూస్తే వేరే లోకం, నల్ల రెక్కల మీద పెద్ద తెల్ల బొట్లు. ప్లెయిన్ టైగర్‌నీ ఈ ఆడ ఎగ్‌ఫ్లైనీ విడదీయాలంటే వెనక రెక్క మధ్యలో నల్లచుక్కలు లెక్కపెట్టాలి: ప్లెయిన్ టైగర్‌కి మూడు, మగదైతే నాలుగు, ఎగ్‌ఫ్లైకి రెక్క పై అంచు దగ్గర ఒక్కటే. ఇది 2 మీటర్ల దూరం నుంచి, అది రెక్కలు విప్పి ఎండ కాచుకునే ఆ కాసేపట్లో తేల్చాల్సిన లెక్క. 5 మీటర్లకి ఫోకస్ ఆగిపోయే బైనాక్యులర్‌తో నారింజ మచ్చ కనబడుతుంది, అంతే. మీరు మూడు అడుగులు వెనక్కి వేసేలోపు అది లేచిపోతుంది.

టేపు పెట్టి కొలిచాను, కంపెనీ 2 మీటర్లు అని రాసింది, నా కళ్లకి ఇంకొంచెం దగ్గరికి కూడా వచ్చింది. నిలబడితే కంటి నుంచి కాళ్ల దగ్గరి నేలకి ఎంతలేదన్నా మీటరున్నర ఉంటుంది కదా, కాబట్టి చెప్పు ముందే వాలినది దొరకదు గానీ రెండు అడుగులు అవతల వాలినవన్నీ దొరుకుతాయి. తడి మట్టి మీద వాలేవాటిలో ఎక్కువ మగవే, మట్టిలోని ఉప్పులు పీలుస్తూ ఉంటాయి, ఆ పనిలో ఉన్నప్పుడు అంత తొందరగా కదలవు. మొదటిసారి వాడేవాళ్లు అక్కడే మొదలుపెట్టండి.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఇంత దగ్గరికి వచ్చినప్పుడు రెండు కళ్ల బొమ్మలు ఒకటిగా కలవవు, రెండు గుండ్రాలు పక్కపక్కన కనబడతాయి. రెండు గొట్టాలనీ కొంచెం దగ్గరికి నొక్కితే సరిపోతుంది, లేదంటే ఒక కన్ను మూసుకోండి. సీతాకోకచిలుకలే ముఖ్యం, పక్షులు తర్వాత అనుకునేవాళ్లకి పెంటాక్స్ వాళ్ల పాపిలియో అనే చిన్నది ఉంది, 6.5×21, అది అరమీటరు దాకా ఫోకస్ అవుతుంది, దగ్గరికి వచ్చేకొద్దీ లోపలి అద్దాలే ఒకదానివైపు ఒకటి జరిగి ఈ రెండు బొమ్మల గొడవ తీర్చేస్తాయి. అద్భుతమైన ఆలోచన. కానీ ముందు అద్దం 21 మిల్లీమీటర్లే కాబట్టి తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడే వేళ అంత వెలుతురు రాదు, పక్షులు కూడా కావాలనుకునే నాలాంటివాళ్లకి 42 తప్పదు.

పక్షీ సీతాకోకచిలుకా ఒకే చోట కావాలంటే పాత మామిడి తోటల్లో బదనిక (చెట్టు కొమ్మ మీదే మొలిచి బతికే మొక్క) పట్టిన కొమ్మలు వెతకండి. రైతుకి బదనిక అంటే పడదు, చెట్టు రసం తాగి బతుకుతుంది కాబట్టి. కానీ కామన్ జెజెబెల్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది దాని ఆకుల మీదే, పై నుంచి చూస్తే తెల్లగా, రెక్కలు మూస్తే అడుగున పసుపు, అంచు వెంట ఎర్ర బొట్ల వరస, పసుపు కుంకాలు పెట్టినట్టు. అదే బదనిక పళ్ల కోసం ఫ్లవర్‌పెకర్ అనే చిట్టిపిట్ట వస్తుంది, మన దేశంలోని అతి చిన్న పిట్టల్లో అదొకటి, దాదాపు 8 సెంటీమీటర్లు ఉంటుంది. పండు తిని, జిగురు గింజని ఇంకో కొమ్మకి రాసేసి పోతుంది, అక్కడ ఇంకో బదనిక మొలుస్తుంది. రెండూ చెట్టు పైభాగంలోనే తిరుగుతాయి, మెడ నొప్పి పుడుతుంది, ఒక చెట్టుకి ఆనుకుని చూడండి.

మాత్‌ల విషయంలో నిజం చెప్పాలి, వాటి అసలు సీజన్ వానలు పడ్డాక. మార్చిలో గోడ మీదకి వచ్చేవి తక్కువ. అయినా రెండు సంగతులు రాయాలి. ఒకటి, ఆకురాలిన అడవిలో మద్ది కొమ్మలకీ రేగు కొమ్మలకీ దసలి పట్టుకాయలు, అంటే ఒక జాతి పట్టు మాత్ పురుగు అల్లుకున్న గూళ్లు, వేలాడుతూ కనబడతాయి, గట్టి కాడతో, కోడిగుడ్డు ఆకారంలో. లోపల ప్యూపా ఎండాకాలమంతా నిద్రపోయి వానలతో బయటికొస్తుంది. మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు వీటినే నల్లమద్ది చెట్ల మీద పెంచి పట్టు తీస్తారు. ఆకులున్నప్పుడు వీటిని వెతకడం అయ్యే పని కాదు, ఇప్పుడు బైనాక్యులర్‌తో కొమ్మ వెంట కొమ్మ చూసుకుంటూ పోతే దొరుకుతాయి. కోయకండి, చూసి వదిలేయండి.

రెండోది, ఏ షాపువాడూ చెప్పనిది. బైనాక్యులర్‌ని తిరగేసి, పెద్ద అద్దం వైపు నుంచి చూస్తూ, కన్ను పెట్టుకునే చివరని గోడ మీది మాత్‌కి ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా తీసుకెళ్లండి. భూతద్దం అయిపోతుంది. రెక్క మీది పొలుసులు, కొన్ని జాతుల్లో మగదానికి ఈకల్లాంటి మీసాలు, అన్నీ కనబడతాయి. సీతాకోకచిలుక మీసం చివర చిన్న గుండులా ఉబ్బి ఉంటుంది, మాత్‌లలో చాలావాటికి అది ఉండదు, ఈ తేడాని పిల్లలకి చూపించడానికి ఇంతకంటే సులువు లేదు. గన్నేరు చెట్టున్న ఇళ్ల గోడల మీద ఆకుపచ్చ పాలరాయి లాంటి పెద్ద మాత్ కనబడితే అది ఓలియాండర్ హాక్‌మాత్, దాని పురుగు గన్నేరు ఆకులు తింటుంది. ఏమీ తగలకుండా మెల్లగా చూడండి.

డెలివరీ గురించి. మొదట వచ్చిన పీసు బాలేదు. రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూడటం లేదు, సెల్ టవర్ చూస్తే ఒకటి పైకి ఒకటి కిందకి, రెండు టవర్లు, పది నిమిషాల్లో తలనొప్పి. అమ్మినవాడు ముందు "మీ కళ్ల పవర్ చెక్ చేయించుకోండి సార్" అన్నాడు. వీడియో తీసి పంపాక మార్చి ఇచ్చాడు, దానికి మూడు వారాలు పట్టింది, అప్పటికి మోదుగ పూత సగం రాలిపోయింది. అందుకని చేతికి రాగానే చేయాల్సిన పని, దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్నో టవర్‌నో చూడండి, అంచు ఒకటిగా ఉందో లేదో. తర్వాత చేతులు చాపి దూరంగా పట్టుకుని అద్దాల్లో కనబడే వెలుతురు చుక్క చూడండి, గుండ్రంగా ఉంటే మంచిది, మూలలు కోసినట్టు ఉంటే లోపల చవక ప్రిజం వేశారని అర్థం. కుడి కంటి దగ్గర ఇంకో చిన్న చక్రం ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు, బొమ్మ మసక అంటూ వస్తువుని తిడతారు. ముందు ఎడమ కంటితో మాత్రమే చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకోండి, తర్వాత ఎడమ కన్ను మూసి కుడి కంటికి ఆ చిన్న చక్రం సరిచేయండి. ఒకసారి చేస్తే చాలు. కళ్లద్దాలు ఉన్నవాళ్లు రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పేసి చూడాలి, ఇందులో నాకు అంచులు కూడా కనబడ్డాయి.

బరువు ముప్పావు కిలో కంటే కొంచెం తక్కువ, చెప్పుకోడానికి ఏముంది అనిపిస్తుంది, గుట్ట దిగేసరికి మెడ చెబుతుంది. దాంతో ఇచ్చిన పట్టీ తాడు కన్నా నయం, అంతే. భుజాల మీదుగా వేసుకునే హార్నెస్ వేరే కొన్నాను. ముందు మూతలు వదులు, తుప్పల్లో తగిలి ఒకటి పోయింది. వికారాబాద్ ఎర్రమట్టి దుమ్ము అద్దాల మీద పడితే చొక్కా కొంగుతో తుడవకండి, గీతలు పడతాయి, ముందు ఊది, తర్వాత మెత్తటి గుడ్డ. వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ వేసి ఉంచాలి, లేకపోతే అద్దం మీద బూజు. ఎంత మంచిదైనా సూర్యుడి వైపు మాత్రం తిప్పకండి, కళ్లు పోతాయి, పిల్లల చేతికిచ్చేటప్పుడు ఇది మొదట చెప్పండి.

మెడలో ఇది వేసుకుని చేల మధ్య తిరిగితే జనం ఏమనుకుంటారో కూడా తెలిసి ఉండాలి. హైదరాబాద్ చుట్టూ భూముల గొడవ తెలిసిందే కదా. గట్టు మీద నిలబడి పాలపిట్ట పైకి ఎగిరి గింగిరాలు తిరుగుతూ దిగడం చూస్తుంటే, అది వాటి జత కట్టే కాలం, ఒక పెద్దాయన వచ్చి "ఏం సారూ, ప్లాట్లు జేస్తున్నరా ఏంది గీడ?" అన్నాడు. "లేదు పెద్దాయనా, పాలపిట్టను చూస్తున్న" అంటే నమ్మలేదు. బైనాక్యులర్ చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు. "దసరకు గింత దగ్గర జూస్తమా" అని నవ్వి, కంసాలి పిట్ట ఏ చెట్టు మీద తొర్ర చేసుకుందో తనే చూపించాడు. నేను పొద్దుటి నుంచీ ఆ టుక్ టుక్ ఎటు నుంచి వస్తోందో తేల్చుకోలేక తిరుగుతున్నాను, అది తల అటూ ఇటూ తిప్పుతూ కూస్తుంది కాబట్టి చప్పుడు నాలుగు దిక్కుల నుంచీ వచ్చినట్టుంటుంది. కాబట్టి ఎవరైనా అడిగితే చిరాకు పడకుండా వస్తువు చేతికివ్వండి. ఇళ్ల వైపు, బావుల దగ్గర బట్టలుతికే ఆడవాళ్ల వైపు పొరపాటున కూడా తిప్పకండి. గూళ్ల దగ్గరికి వెళ్లకండి.

పేర్లు తెలియకపోతే కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల మెర్లిన్ యాప్ ఉచితం, ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా కూత విని పక్షి పేరు చెబుతుంది. సీతాకోకచిలుకలకి అది పనికిరాదు, ఫొటో తీసి ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో పెట్టుకోవాలి.

10×42 ఇంకా మనసులో ఉన్నవాళ్లు ఒకటి ఆలోచించండి. మీరు ఎక్కువగా చెరువుల దగ్గర నీటిపక్షుల కోసం తిరిగేవాళ్లయితే అదే సరైనది, అక్కడ దూరం నిజంగానే దూరం. కానీ చలికాలం వలస బాతులు ఏప్రిల్ కల్లా దాదాపు ఖాళీ చేసేస్తాయి. ఇప్పుడు కొని ఏం చేస్తారు, దీపావళి ఆఫర్ల దాకా ఆగండి, కాస్త తగ్గుతుంది కూడా.